తెరపై మన సినిమా, చెవికి వేరే భాష

భిలాయ్‌లో తెలుగు సినిమా ఇప్పుడు ఇంటింటికీ వస్తోంది. తెలుగు మాత్రం పాత డీవీడీల అరలోనే ఉండిపోయింది.

ఖుర్సీపార్‌లోని ఆ ఇంట్లో ముందుగది టీవీ కింద ఒక చెక్క అర ఉంది. అందులో వందకు పైగా డీవీడీలు, వీసీడీలు. 'మాయాబజార్', 'మిస్సమ్మ', 'శంకరాభరణం' ఒక వరసలో, 'ఇంద్ర', 'ఒక్కడు', 'ఆనంద్' మరో వరసలో. కొన్నిటికి కవర్లు చిరిగిపోయాయి. కొన్నిటి మీద స్కెచ్ పెన్‌తో రాసిన పేర్లు వెలిసిపోయాయి. పక్కనే ప్లేయర్ ఉంది. బటన్ నొక్కితే దాని ట్రే బయటికి వస్తుంది కానీ లోపలికి వెళ్లదు. భిలాయ్ ఉక్కు కర్మాగారంలో రైలు పట్టాలు తయారుచేసే మిల్లులో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి రిటైరైన ఇంటి పెద్దకు వాటిని పారేయడానికి మనసొప్పడం లేదు. అవి ఇంకా ఎందుకున్నాయో పదో తరగతి చదువుతున్న మనవడికి అర్థం కాదు. అతని సినిమాలన్నీ ఫోన్‌లోనే ఉన్నాయి.

విశేషం ఏమిటంటే ఇద్దరూ తెలుగు సినిమా వీరాభిమానులే. తాత ఎన్టీఆర్ సినిమాలతో పెరిగారు. మనవడికి అల్లు అర్జున్ అంటే ప్రాణం. 'పుష్ప' రెండు భాగాలనూ ఎన్నిసార్లు చూశాడో లెక్క లేదు. అన్నిసార్లూ హిందీలోనే చూశాడు. తాతకు హిందీ వచ్చు. షాపు ఫ్లోర్ మీద ముప్ఫై ఏళ్లు మాట్లాడింది ఆ భాషే. అయినా అల్లు అర్జున్ నోట హిందీ వింటే ఆయనకు సినిమా మీద మనసు నిలవదు. మనవడికి తెలుగు అర్థమవుతుంది కానీ ఇంట్లో అన్నం దగ్గర వినే తెలుగు వరకే. తెరమీద చిత్తూరు యాస మొదలవగానే అతనికి దారి తప్పుతుంది. ఒకే పరిశ్రమ సినిమాలను ప్రేమించే ఇద్దరు ఒకే గదిలో కూర్చుని ఒకే సినిమా చూడలేకపోతున్నారు.

భిలాయ్‌లోని తెలుగు ఇళ్లలో ఇది వింతేమీ కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఇక్కడికి వచ్చిన కుటుంబాల్లో ఇప్పుడు మూడో తరం నడుస్తోంది. బడిలో హిందీ, ఇంగ్లీషు. వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ. తెలుగుకు మిగిలింది ఇల్లు, గుడి, సినిమా. వీటిలో పిల్లలు ఎవరూ చెప్పకుండానే ఇష్టంగా వెళ్లేది సినిమా దగ్గరికే. అందుకే ఆ సినిమా ఏ భాషలో వినిపిస్తోందన్నది ఇక్కడ కేవలం వినోదానికి సంబంధించిన ప్రశ్న కాదు.

రష్యన్ మాట్లాడిన రాజ్ కపూర్

డబ్బింగ్ మీద భిలాయ్ కోపం పెంచుకుంటే అది కృతఘ్నతే అవుతుంది. ఈ ఊరు పుట్టిందే ఒక అనువాద వాతావరణంలో. సోవియెట్ యూనియన్‌తో 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. రష్యన్ నిపుణులు, వారి మాటలను అందించే దుభాషీలు, దేశం నలుమూలల నుంచి వచ్చిన కార్మికులు కలిసి కట్టిన ఊరు ఇది.

ఆ నిపుణులకు భారతదేశం గురించి ముందే తెలిసిన విషయాల్లో సినిమా ఒకటి. రాజ్ కపూర్ 'ఆవారా' 1954లో సోవియెట్ యూనియన్‌లో విడుదలై అక్కడి జనాన్ని ఊపేసింది. రష్యన్‌లో దాని పేరు 'బ్రోద్యాగా'. మాటలన్నీ రష్యన్‌లోకి మార్చారు, పాటలను మాత్రం చాలావరకు హిందీలోనే వదిలేశారు. ఆ సినిమా చూసిన రష్యన్లకు రాజ్ కపూర్ ఒక రష్యన్ గొంతుతో మాట్లాడే మనిషి. దానివల్ల ఎవరికీ నష్టం జరగలేదు. రెండు దేశాల మధ్య స్నేహానికి రాయబారులు చేసినంత పని ఆ డబ్బింగ్ సినిమా చేసింది.

అయితే ఒక తేడా ఉంది. ఆ సినిమా చూసిన రష్యన్ ఇంట్లో మాట్లాడేది రష్యనే. డబ్బింగ్ పరాయి సినిమాను అతని ఇంటి భాషలోకి తెచ్చింది. ఖుర్సీపార్ కుర్రాడి విషయంలో జరుగుతున్నది దీనికి తలకిందులు. అతని ఇంటి భాషలో తీసిన సినిమా వీధి భాషలోకి మారి అతని దగ్గరికి వస్తోంది. సినిమా దగ్గరైన కొద్దీ ఇల్లు దూరమవుతోంది.

ఇరవై ఎనిమిది రూపాయల తెలుగు

మూడు దశాబ్దాల కిందట పరిస్థితి వేరు. ఇక్కడి థియేటర్లు ప్రధానంగా హిందీ సినిమాలవే. తెలుగు సినిమా ఎప్పుడో ఒక ఆదివారం ఉదయం ఆటగా వస్తే పండగ. 1995లో ఈటీవీ, జెమిని వచ్చాక ఉపగ్రహ చానళ్లు కొంత కరువు తీర్చాయి. అయినా ఎప్పుడు ఏ సినిమా వేస్తారన్నది చానల్ ఇష్టం. నైట్ షిఫ్టు ముగించుకుని పొద్దున్నే ఇంటికి వచ్చిన మనిషికి తాను కోరుకున్న సినిమా దొరికే అవకాశం తక్కువ.

ఆ లోటు తీర్చింది డిస్కులే. సంక్రాంతికి ఊరెళ్లిన వాళ్లు తిరిగి వచ్చేటప్పుడు పెట్టెల్లో ఆవకాయ జాడీ, మామిడి తాండ్ర, జీడిపప్పుతో పాటు నాలుగైదు సినిమాలు తెచ్చుకునేవారు. వాటిలో అసలువెన్ని, నకిలీవెన్ని అని అడగకపోవడమే మర్యాద. 2007లో మోసర్ బేర్ సంస్థ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక అసలు డిస్కు కూడా నకిలీ ధరకే దొరికింది. ఒక కిలో కందిపప్పు డబ్బుతో సినిమా సొంతమయ్యే రోజులవి.

ఆ డిస్కులకు చాలా లోపాలు ఉండేవి. రెండో సగంలో బొమ్మ చతురస్రాలుగా విడిపోయేది. వీసీడీ అయితే ఇంటర్వెల్ దగ్గర లేచి వెళ్లి రెండో డిస్కు మార్చాలి. పాటల మధ్యలో వ్యాపార ప్రకటన తెర అడుగున పాకుతూ వెళ్లేది. కానీ ఆ లోపాలే కొన్ని మంచి అలవాట్లు నేర్పాయి. ఇంట్లో ఉన్నది ఒకే టీవీ, ఒకే ప్లేయర్. చూస్తే అందరూ కలిసి చూడాలి. కొత్త డిస్కు దొరకనప్పుడు పాతదే మళ్లీ వేయాలి. 'మాయాబజార్' పదిసార్లు చూసిన పిల్లవాడికి అక్షరాలు రాకపోయినా మాటలు నోటికొచ్చేవి. పెద్ద పెద్ద పదాలకు అర్థం అడిగితే చెప్పడానికి పక్కనే అమ్మమ్మ ఉండేది. ఇక్కడి రెండో తరంలో చాలామందికి తెలుగు పాఠశాల అదే. ఫీజు 28 రూపాయలు.

ఆ కాలం చాలా తొందరగా ముగిసింది. 2016లో నెట్‌ఫ్లిక్స్ భారత్‌లో అడుగుపెట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో జియో వచ్చి డేటాను కారుచౌక చేసింది. మోసర్ బేర్ దివాలా తీసి 2018లో లిక్విడేషన్‌కు వెళ్లింది. డీవీడీలను పోస్టులో అద్దెకు పంపడంతోనే వ్యాపారం మొదలుపెట్టిన నెట్‌ఫ్లిక్స్ కూడా 2023 సెప్టెంబరులో అమెరికాలో ఆ సేవను మూసేసింది. కొత్త లాప్‌టాప్‌లలో డిస్కు పెట్టే చోటే ఉండటం లేదు. ఖుర్సీపార్ అరలోని వంద సినిమాలు ఇప్పుడు చేతికి అందుతాయి కానీ కంటికి కనిపించవు.

తగ్గడానికీ వంగడానికీ మధ్య

ఇక హిందీ గొంతుతో తెలుగు సినిమా ఎలా ఉంటుంది? న్యాయంగా చెప్పాలంటే ఇప్పుడు చాలా బాగుంటుంది. ఒకప్పుడు అలా ఉండేది కాదు. నాగార్జున 'మాస్' హిందీలో 'మేరీ జంగ్: వన్ మ్యాన్ ఆర్మీ' అయింది. 'ఇంద్ర'కు 'ది టైగర్' అనే తోక తగిలింది. మధ్యాహ్నం వేళ సినిమా చానళ్లలో వచ్చే ఆ సినిమాల్లో పెదవులు ఒక దారిన, మాటలు ఒక దారిన పోయేవి. వాటిని చూసి నవ్వుకోవడం కూడా ఒక కాలక్షేపం. 2017లో వచ్చిన 'బాహుబలి 2' ఆ నవ్వును ఆపేసింది. ప్రభాస్‌కు శరద్ కేల్కర్ ఇచ్చిన గొంతు ఎంత అతికిందంటే ఆ సినిమా హిందీదే అనుకున్నవాళ్లు ఉన్నారు. హిందీ వెర్షన్ ఒక్కటే 500 కోట్ల రూపాయలకు పైగా వసూలు చేసింది.

'పుష్ప: ది రైజ్' (2021) మళ్లీ చూస్తే అసలు తేడా ఎక్కడుందో తెలుస్తుంది. కథగా అది పాతదే. తండ్రి పేరు దక్కని కూలీ స్మగ్లింగ్ సామ్రాజ్యానికి రాజవుతాడు. నిడివి ఎక్కువ, ఫహాద్ ఫాసిల్ వచ్చేసరికి సినిమా అయిపోవస్తుంది. హీరోయిన్ నవ్వుకు డబ్బు లెక్కకట్టే ఘట్టాన్ని భరించడం కష్టం. అయినా ఆ సినిమా నిలిచింది ఎందుకంటే పుష్పరాజ్ ఒక ఊరి మనిషి. ఎగిరిన భుజం, అరిగిన చెప్పు, శేషాచలం అడవి, చిత్తూరు యాస అన్నీ ఒకే మట్టిలోంచి వచ్చాయి. అల్లు అర్జున్‌కు జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. ఒక తెలుగు నటుడికి అది రావడం అదే మొదటిసారి. అందులో ఆ యాస వాటా తక్కువేమీ కాదు.

హిందీలో శ్రేయస్ తల్పడే గొంతు అద్భుతంగా కుదిరింది. కానీ 'తగ్గేదే లే' అన్న మాట 'ఝుకేగా నహీఁ' అయింది. రెండూ జనం నోళ్లలో నానాయి. రెండూ ఒకటి కావు. తెలుగులో తగ్గేది ధర, జ్వరం, పొంగు, వరద. బేరం ఆడేవాడు తగ్గుతాడు. పంతం పట్టినవాడు తగ్గడు. సంతలో, కూలి దగ్గర, మేస్త్రీ ముందు నిలబడి బతికినవాడి మాట అది. హిందీలో వంగేది తల. అది దర్బారులో, పోరాటంలో వినిపించే వీరుడి మాట. అనువాదకుడు తప్పు చేశాడనలేం. ఆ సందర్భానికి అంతకన్నా బలమైన హిందీ మాట దొరకదు. కానీ కూలీ పోయి వీరుడు మిగిలాడు. తెలుగు ఇంట్లో పుట్టి వీరుడినే చూసిన కుర్రాడికి ఆ కూలీ ఎప్పటికీ పరిచయం కాడు. ఆ కూలీ బేరమాడే భాష అతని ముత్తాత భిలాయ్‌కి పని వెతుక్కుంటూ వచ్చినప్పుడు మాట్లాడిన భాషకు దగ్గరి చుట్టం.

ఇది పిల్లల ఎంపిక మాత్రమే కాదు. కొన్నిసార్లు ఎంపికే ఉండదు. 'ఆర్ఆర్ఆర్' 2022 మేలో ఇళ్లకు వచ్చినప్పుడు నెట్‌ఫ్లిక్స్‌లో దొరికింది హిందీ వెర్షన్. తెలుగు కావాలంటే జీ5కు వెళ్లాలి. ఒక చందా కట్టగలిగిన ఇల్లు రెండోది కట్టదు. ప్రపంచంలో చాలామంది ఆ సినిమాను హిందీలో చూసే మెచ్చుకున్నారు. 2023 మార్చిలో 'నాటు నాటు' ఆస్కార్ వేదిక మీద తెలుగులోనే మోగింది, పిల్లలు గర్వపడ్డారు. కానీ వాళ్లలో చాలామందికి ఆ పాట అప్పటిదాకా 'నాచో నాచో'. వ్యాపారం కూడా అటే మొగ్గుతోంది. 2024 డిసెంబరులో విడుదలైన 'పుష్ప 2' హిందీ వసూళ్లు తెలుగు వసూళ్లను దాటిపోయాయి. తెలుగు సినిమాకు తెలుగు ప్రేక్షకుడు ఇక అతిపెద్ద గిరాకీ కాకపోవచ్చు.

భిలాయ్ సొంత సినిమాలు

సొంత భాష కోసం ఈ తగువు తెలుగువాళ్లది మాత్రమే అనుకుంటే పొరపాటు. భిలాయ్‌తో బంధమున్న సినిమాలను వరసబెట్టి చూస్తే ఇదే కథ మరో గొంతుతో వినిపిస్తుంది.

'పీప్లీ లైవ్' (2010) ఇప్పటికీ తాజాగా ఉంది. అప్పుల రైతు నాథా చస్తానని ప్రకటించడం, టీవీ చానళ్లు అతని ఇంటి ముందు జాతర పెట్టడం, చివరికి అతను నగర శివార్లలో కట్టడం పని కూలీగా దుమ్ములో కలిసిపోవడం కథ. టీవీ వాళ్ల గోల కొంచెం ఎక్కువైంది. కానీ ఎవరూ పట్టించుకోకుండా మట్టి తవ్వుకుంటూ చనిపోయే హోరీ మహతో వెంటాడతాడు. నాథాగా వేసిన ఓంకార్ దాస్ మాణిక్‌పురి భిలాయ్ మనిషి. ఆ పాత్రను మొదట నిర్మాత ఆమిర్ ఖానే వేయాలనుకున్నారని, ఓంకార్ ఆడిషన్ చూశాక మానుకున్నారని అప్పట్లో వార్తలు వచ్చాయి. అది ఆమిర్ తీసుకున్న మంచి నిర్ణయాల్లో ఒకటి. ఆ ముఖంలోని బెదురు మేకప్‌తో రాదు.

ఓంకార్ హబీబ్ తన్వీర్ నయా థియేటర్ నుంచి వచ్చినవాడు. రాయపూర్‌లో పుట్టిన తన్వీర్ ఛత్తీస్‌గఢ్ జానపద కళాకారులతో నాటకాలు మొదలుపెట్టినప్పుడు వారిచేత హిందీ మాట్లాడించారు. ఊళ్లో రాత్రంతా జనాన్ని నవ్వించగల నటులు ఆయన నాటకంలో కొయ్యబారిపోయేవారు. లోపం నటుల్లో లేదని, తాను వాళ్ల భాషను లాక్కున్నానని గ్రహించడానికి ఆయనకు ఏళ్లు పట్టింది. ఈ సంగతి ఆయనే దాపరికం లేకుండా చెప్పుకున్నారు. ఛత్తీస్‌గఢీలో మాట్లాడండని వదిలేశాక అదే బృందం 'చరణ్‌దాస్ చోర్' ఆడింది. దాని తొలి రూపాన్ని భిలాయ్‌లోనే ఆరుబయట సత్నామీల సభ ముందు ప్రదర్శించారు. 1982లో ఎడిన్‌బరో వెళ్లి బహుమతి గెలుచుకుంది. అక్కడి ప్రేక్షకులకు ఒక్క ముక్క ఛత్తీస్‌గఢీ రాదు.

అదే కథను శ్యామ్ బెనెగల్ 1975లో పిల్లల సినిమాగా తీశారు. హైదరాబాద్‌లో పెరిగి, తెలంగాణ నేపథ్యంలో 'అంకుర్' తీసిన బెనెగల్‌కు భాష విలువ తెలుసు. అబద్ధం ఆడనని ఒట్టేసుకున్న దొంగ కథ అది. నలుపు తెలుపు బొమ్మ, అక్కడక్కడా నాటకం వాసన. రాణి దర్పంతో తెరమీదికి వచ్చే కొత్తమ్మాయి స్మితా పాటిల్. ఇవాళ్టి పిల్లలకు మొదటి పావుగంట నెమ్మదిగా అనిపించవచ్చు. ఆ తర్వాత రిమోట్ వాళ్ల చేతికి పోదు.

'న్యూటన్' (2017) చిత్రీకరణ చాలావరకు దల్లీ రాజ్‌హరాలో జరిగింది. భిలాయ్ కొలుములకు ఇనుప ఖనిజం వచ్చేది అక్కడినుంచే. దండకారణ్యంలో 76 మంది ఓటర్ల కోసం ఒక నిజాయితీపరుడైన గుమాస్తా చేసే ఎన్నికల తతంగం కథ. రాజ్‌కుమార్ రావ్, పంకజ్ త్రిపాఠీ ఒకరిని మించి ఒకరు. కానీ సినిమాలో అతి ముఖ్యమైన మనిషి స్థానిక టీచర్ మల్కో. ఓటర్లకు హిందీ రాదు, అధికారులకు గోండి రాదు. ఆమె లేకపోతే ప్రజాస్వామ్యానికి మాటే పడిపోతుంది. ఇనుము ఇచ్చిన ఊళ్ల భాష ఉక్కు వాడేవాళ్లకు ఎందుకు రాలేదన్న ప్రశ్నను సినిమా అడగకుండానే అడుగుతుంది.

భిలాయ్‌లో పెరిగిన అనురాగ్ బసు 'బర్ఫీ!' (2012)ది మరో దారి. హీరోకు వినిపించదు, మాట రాదు. కాబట్టి డబ్బింగ్ బెడదే లేదు. చాప్లిన్, కీటన్ సినిమాల నుంచి తెచ్చుకున్న ఘట్టాల మీద విడుదలైనప్పుడే రభస జరిగింది, అది అన్యాయమైన విమర్శ కాదు. అయినా రణ్‌బీర్, ప్రియాంక జంట గుండెను తడుతుంది. అప్పటిదాకా తెలుగు తెరపై అరువు గొంతులతో మాట్లాడిన ఇలియానా ఇందులో నటిగా తెలిసొచ్చింది. హీరోయిన్లకు వేరేవాళ్ల గొంతు అతికించడం ఏళ్లతరబడి మన పరిశ్రమకే అలవాటు. ఇప్పుడు సినిమాకు మొత్తంగా వేరే గొంతు అతుకుతుంటే నొచ్చుకోవడంలో కొంత వింత ఉంది.

ఈ నేలకు సొంత భాషలో పెద్ద విజయం 'మోర్ ఛైంహా భుంయా'తో వచ్చింది. సతీశ్ జైన్ తీసిన ఆ సినిమా 2000 అక్టోబరు చివర్లో, ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం ఏర్పడటానికి కొద్ది రోజుల ముందు విడుదలైంది. పాటలు, ఫైట్లు, పల్లె మంచిది పట్నం చెడ్డది అనే లెక్క అంతా పాత బాణీయే. అయినా జనం విరగబడి చూశారు. తమ భాష పెద్ద తెర మీద హీరో నోట రావడం వాళ్లకు కథకన్నా గొప్ప సంగతి. 1965లోనే 'కహి దేబే సందేస్'తో మొదలైన ఛత్తీస్‌గఢీ సినిమా ఆ రోజుకోసం 35 ఏళ్లు ఎదురుచూసింది.

బుజ్జి తల్లికి హిందీ లేదు

తన్వీర్ నేర్చుకున్న పాఠం ఖుర్సీపార్ ఇంటికి పనికొస్తుందా? 'తండేల్' వేసిన సాయంత్రం దానికి కొంత జవాబు దొరికింది.

2025 ఫిబ్రవరిలో వచ్చిన ఆ సినిమా శ్రీకాకుళం మత్స్యకారులది. బతుకుతెరువుకు గుజరాత్ వెళ్లి, 2018 నవంబరులో సముద్రంలో పాకిస్తాన్ వారికి పట్టుబడి, 2020 జనవరిలో విడుదలైన వారి అనుభవం దానికి ఆధారం. తండేల్ అంటే పడవ మీద నాయకుడు. నాగచైతన్య ఇంతకుముందెన్నడూ లేనంత శ్రద్ధగా చేశాడు. సాయిపల్లవి ఎదురుచూపు సినిమాను మోసింది. జైలు ఘట్టాలు బలహీనం, అక్కడ దేశభక్తి కేకల్లోకి జారిపోయింది. తుపాను బొమ్మల్లో కంప్యూటర్ పనితనం బయటపడుతుంది. కానీ మొదటి సగంలోని ఊరు నిజమైన ఊరు. మగవాళ్లు సీజన్‌కు వెళ్లిపోతే రైలు వచ్చే రోజు లెక్కపెట్టుకునే ఆడవాళ్లు భిలాయ్ తెలుగు ఇళ్లకు కొత్త కాదు. ఈ ఇళ్ల నానమ్మలు ఒకప్పుడు అలాంటి ఎదురుచూపులతోనే బతికారు.

సినిమా మొదలుపెట్టేటప్పుడు తగువు మామూలే.

"తాతా, హిందీలో పెట్టు. ఆ యాస నాకు అర్థం కాదు."

"అది మనూరి మాటరా నాన్నా. మీ నాయనమ్మ మాటే. ఓపాలి సూద్దుము. తెలీకపోతే నానున్నాను కదేటి."

మనవడు ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. మాట తెలుగు, అడుగున ఇంగ్లీషు అక్షరాలు. అరగంట గడిచాక అక్షరాలు చదవడం కొంత తగ్గింది. హీరో 'బుజ్జి తల్లీ' అని పిలిచినప్పుడు అడుగున ఏం పడిందో ఎవరూ చూడలేదు. ఆ పిలుపులో ప్రియురాలు, కూతురు, అమ్మ ముగ్గురూ ఉన్నారు. హిందీలో దానికి సాటి మాట వెతకడం వృథా. మధ్యలో కుర్రాడు నాలుగు మాటలకు అర్థం అడిగాడు. రెండింటికి తాత చెప్పారు. మిగతా రెండింటికి వంటింట్లోంచి నానమ్మ చెప్పింది. సినిమా అయ్యాక కుర్రాడి తీర్పు: రెండో సగం బోర్. తాతదీ అదే తీర్పు. ఆ ఇంట్లో ఒక సినిమా మీద ఇద్దరి అభిప్రాయమూ కలవడం చాలాకాలం తర్వాత ఇదే.

ఒక్క సాయంత్రంతో భాష రాదు. ఫోన్‌లో తర్వాతి సినిమా మళ్లీ హిందీలోనే తెరుచుకుంటుంది, ఎందుకంటే అది యజమాని అలవాటును గుర్తుపెట్టుకుంటుంది. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. డీవీడీ అందరికీ ఒకే భాష ఇచ్చింది, వేరే గతి లేక అందరూ అదే విన్నారు. కొత్త తెరలు చాలాసార్లు నాలుగైదు భాషలిచ్చి ఎంచుకోమంటున్నాయి. ఎంచుకోవాలంటే పక్కన ఒకరు కూర్చోవాలి, అడిగిన మాటకు అర్థం చెప్పాలి. ఆ పని ఏ కంపెనీ చేయదు.

ఉత్తరాంధ్ర మాట మీద ఆసక్తి పుట్టిన ఇళ్లకు మరో రెండు సినిమాలు అక్కరకొస్తాయి. ఒకటి 'కేరాఫ్ కంచరపాలెం' (2018). విశాఖలోని ఆ పేట మనుషులే నటులైన సినిమా. యాభైకి చేరువైనా పెళ్లి కాని అటెండరు కథ చివరికి ఎక్కడ తేలుతుందో ముందుగా ఎవరికీ చెప్పకూడదు. రెండోది 'పలాస 1978' (2020). జీడిపప్పు ఊళ్లో కులం లెక్కలు. కాస్త రక్తం ఎక్కువ, నిజం కూడా ఎక్కువే. రెండిటినీ తెలుగులోనే చూడాలి.

2024 సెప్టెంబరులో దుర్గ్ నుంచి విశాఖపట్నానికి వందే భారత్ మొదలైంది. భిలాయ్ పక్కనే పొద్దున్న ఎక్కితే మధ్యాహ్నం దాటేలోపు ఊళ్లో దిగవచ్చు. ఆ దారిలో పరిచిన పట్టాల్లో ఇక్కడి మిల్లులో తయారైనవి ఉంటాయని తాత నమ్మకం. వచ్చే సంక్రాంతికి మనవడిని తీసుకెళ్లాలని ఆయన అనుకుంటున్నారు. వెళ్లేలోగా అరలోని 'మాయాబజార్' డిస్కుకు ఒక ప్లేయర్ సంపాదించాలట. పాత సామాన్లు అమ్మే చోట దొరకవచ్చని మనవడే చెప్పాడు.